ఢిల్లీకి రెండుంపావు గంటలు

కాలం–దూరం లెక్కలు చెప్పి బతుకుతున్న మనిషిని నేను. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో మెట్లు దిగగానే చేతిలో కరపత్రం పెట్టకుండా ఎవరూ వదలని వీధి ఒకటుంది. అందులో ఒక మేడ రెండో అంతస్తులో ఉన్న కోచింగ్ సెంటర్ మాది. సర్కారు ఉద్యోగాల పరీక్షలు రాసేవాళ్లకు అంకగణితం చెప్తాను. నా బోర్డు మీద రైళ్లు ఎదురెదురుగా వస్తాయి, పడవలు ఏటికి ఎదురు పోతాయి, ఇద్దరు మనుషులు వేరు వేరు వేగాలతో బయల్దేరి దారిలో ఎక్కడో కలుసుకుంటారు. ఎందుకు బయల్దేరారో, కలుసుకొని ఏం మాట్లాడుకున్నారో ఎవరూ అడగరు. ఆ పాఠం నాకు నచ్చడానికి అదీ ఒక కారణం.

పోయిన నెల ఒక అమ్మాయి వెనక బెంచీలోంచి లేచింది. సూర్యాపేట వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న పిల్ల. ఫోన్‌లో ఏదో చూసి వచ్చినట్టుంది.

"సార్, హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఆకాశంల పన్నెండొందల యాభై కిలోమీటర్లు ఉంటదంట. విమానం గంటకు ఎనిమిదొందలు పోతదంటున్నరు. అంటే గంటా ముప్పై నాలుగు నిమిషాలు రావాలె. మరి టికెట్ మీద రెండుంపావు గంటలని ఎందుకుంటది?"

మంచి ప్రశ్న. చాక్‌పీస్ పట్టుకొని వివరించాను. విమానం తలుపు మూసినప్పటి నుంచి మళ్లీ తెరిచేదాకా లెక్క. నేల మీద నెమ్మదిగా పాకుతుంది, వరుసలో నిలబడుతుంది, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ పూర్తి వేగం ఉండదు, ఢిల్లీ మీద ఖాళీ లేకపోతే చక్కర్లు కొడుతుంది. పైగా ఆలస్యమైనా వేళకు వచ్చామని చెప్పుకోవడానికి కంపెనీ వాళ్లు పది నిమిషాలు ఎక్కువే రాసుకుంటారు. పిల్లలు నోట్సులో దింపుకున్నారు. ఆ అమ్మాయి మాత్రం కూర్చోలేదు.

"అయితె సార్, నిజంగ ఎంత సేపు పడ్తది?"

"ఎక్కడి నుంచి ఎక్కడికి?" అన్నాను.

క్లాసు నవ్వింది. నేను నవ్వలేదు. ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు, కానీ బోర్డు మీద రాసేది కాదు.

తొమ్మిదేళ్ల కింద నేను బోర్డుకు ఎదురుగా బెంచీ మీద ఉండేవాణ్ని. ఇదే వీధిలో ఇంకో మేడలో నాలుగేళ్లు చదివాను. రాసిన పరీక్షల సంఖ్య చెప్పను, నాకు సిగ్గు. చివరికి కేంద్ర సర్కారు కొలువు ఒకదానికి రాత పరీక్ష గట్టెక్కాను. అప్పటికి నాకు ఆ పరీక్ష వయసు అయిపోయింది, మరుసటి ఏడు రాసే హక్కు లేదు. ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది. ఫలానా మంగళవారం మధ్యాహ్నం రెండు గంటల లోపు ఒరిజినల్ సర్టిఫికెట్లతో హాజరు కావాలి, రాకపోతే అభ్యర్థిత్వం రద్దు. నాలుగేళ్ల చదువు ఆ రెండు గంటల ముందుకు వచ్చి నిలబడింది.

మా ఇల్లు ఎల్బీనగర్‌లో, చౌరస్తా నుంచి లోపలికి పోతే వచ్చే ఒక కాలనీలో. నాయిన నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి సర్కారు బస్సు డ్రైవర్‌గా రిటైరైనవాడు. ఆయనకు దూరం కిలోమీటర్లలో తెలియదు, తెలిసినా నమ్మడు. నల్లగొండ ఎంత దూరమంటే రెండున్నర గంటలంటాడు. రోడ్డు నాలుగు వరుసలైనా, కారులో పోయినా ఆయనకు అది రెండున్నర గంటలే. అమ్మది ఇంకో కొలత. ఆమెకు దూరంతో పని లేదు, దిక్కుతో పని. ఏ వారం ఏ దిక్కుకు పోవద్దో ఆమెకు కంఠోపాఠం.

ఉత్తరం చూడగానే నాయిన, "ఆదివారం రైలెక్కు. సోమవారం రాత్రికి ఆడ ఉంటవ్. పొద్దున లేసి తానం చేసి నిమ్మళంగ పో" అన్నాడు.

నాకు నవ్వు వచ్చింది. మంగళవారం పొద్దున తొమ్మిదీ ఇరవైకి విమానం ఉంది. ఒక తెల్ల కాగితం మీద గీతలు గీసి టేబుల్ వేశాను. ఆరున్నరకు ఇంట్లోంచి బయల్దేరడం. ఏడున్నరకు శంషాబాద్. తొమ్మిదీ ఇరవైకి విమానం. రెండుంపావు గంటలు. పదకొండూ ముప్పై అయిదుకు ఢిల్లీ. ఒంటిగంటకు పావు తక్కువకు ఆఫీసు గేటు. గంటా పదిహేను నిమిషాలు మిగులు. కాగితం నాయిన ముందు పెట్టాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకొని చాలాసేపు చూశాడు.

"గిండ్ల రోడ్డు ఏడ రాసినవ్?"

"గిదే నాయినా, గంట."

"గది నంబరు. రోడ్డు ఏడున్నదంటున్న."

ముప్పై ఏళ్లు స్టీరింగ్ పట్టిన మనిషి మాట అది. నేను పట్టించుకోలేదు. అప్పటికి నేను విమానం ఎక్కి ఉండలేదు కూడా. అయినా విమానాల గురించి ఆయనకంటే నాకే ఎక్కువ తెలుసని గట్టి నమ్మకం.

అమ్మ కాగితం అడగలేదు. వారం అడిగింది. మంగళవారమనగానే ముఖం మారింది. మంగళ, బుధవారాలు ఉత్తరానికి శూల. ఆ రోజుల్లో ఆ దిక్కుకు ప్రయాణం కట్టకూడదు. ఢిల్లీ ఉత్తరాన ఉంది.

"అమ్మా, శంషాబాద్ మనకు ఉత్తరం కాదు. నేను ఇంట్లకెంచి దక్షిణం దిక్కుకే పోతున్న" అన్నాను.

"విమానం ఎటు పోతది?"

"ఉత్తరం."

"మరి."

అక్కడితో వాదన అయిపోయింది. దీనికి మా వాళ్ల దగ్గర ఒక ఉపాయం ఉంది, దాన్ని ప్రస్థానం పెట్టడం అంటారు. పోవలసిన రోజు మంచిది కాకపోతే, ముందు రోజు మంచి గడియ చూసి, వెంట తీసుకుపోయే సంచి ఒకటి పోవలసిన దిక్కులో ఉన్న ఎవరింట్లోనైనా పెట్టి రావాలి. దాంతో ప్రయాణం మొదలైపోయినట్టు. మర్నాడు పోతూ పోతూ ఆ సంచి తీసుకొని పోతే శూల అంటదు. సంచి మాత్రం మళ్లీ ఇంటికి రాకూడదు. లెక్కల భాషలో చెప్పాలంటే బయల్దేరిన సమయాన్ని ముందుకు జరపడం. విమానం కంపెనీల వాళ్లు పది నిమిషాలు కలుపుకున్నట్టే అమ్మ ఒక రాత్రి కలుపుకుంది.

మాకు ఉత్తరాన నాలుగిళ్ల అవతల ఒక ఆంటీ ఒంటరిగా ఉండేది. గోదావరి జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, బళ్లో టీచరుగా చేసి రిటైరైంది. అమ్మను వదినగారూ అని పిలిచేది, అమ్మ ఆమెను ఒదినా అనేది. సోమవారం సాయంత్రం అమ్మ మంచి గడియ చూసి సంచి పట్టుకొని ఆమె ఇంటికి పోయింది. బట్టల సంచి పెడుతుందనుకున్నాను. తిరిగి వచ్చాక చూస్తే బట్టల సంచి ఇంట్లోనే ఉంది, సర్టిఫికెట్ల బ్యాగు లేదు.

"గదెందుకు పెట్టినవ్?"

"ఢిల్లీకి పోయేది గా కాయితాలే గద. నువ్వు దాని ఎనకవోతున్నవ్."

మాట తప్పు పట్టేది కాదు. నవ్వి ఊరుకున్నాను.

మంగళవారం పొద్దున ఆరూ ఇరవైకి క్యాబ్ వచ్చి వాకిట్లో ఆగింది. బ్యాగు కోసం ముగ్గురం నాలుగిళ్లు నడిచి పోయాం. ఆంటీ తలుపుకు తాళం వేసి ఉంది. అమ్మ ఫోన్ చేసింది. లోపల ఫోన్ మోగింది, తాళానికి మూరెడు దూరంలోనే. ఎంతసేపు చేస్తే అంతసేపు మోగింది. ఎదురింటామె మేడ మీది నుంచి తొంగిచూసి చెప్పింది, వనస్థలిపురంలో ఉన్న కూతురికి నొప్పులు వస్తున్నాయని తెల్లారుజామున అల్లుడు వచ్చి తీసుకుపోయాడట.

నాయినకు ఆ కూతురి ఇల్లు తెలుసు. ఏటా ఆంటీ పట్టే ఆవకాయ జాడీని స్కూటర్ మీద అక్కడికి చేర్చేది ఆయనే. తాళంచెవి కోసం స్కూటర్ తీసి పోయాడు. అప్పటికి ఆరున్నర.

ఇప్పుడు చెప్పబోయే ముక్క నేను ఎవరికీ చెప్పలేదు. నాయిన స్కూటర్ చప్పుడు వీధి మలుపు తిరగగానే అమ్మ ఇంటికి ఉరికింది. సుత్తె పట్టుకొని వచ్చింది. చీర కుచ్చిళ్లు నడుముకు దోపుకుంది.

"పగలగొడ్త. ఒదినకు నేను చెప్పుకుంట. నువ్వు జరుగు."

అది అంగట్లో దొరికే మామూలు తాళం. మూడు దెబ్బలకు ఊడేది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. వనస్థలిపురం నాలుగు కిలోమీటర్లు. పోను పన్నెండు నిమిషాలు, రాను పన్నెండు, తాళంచెవి అడిగి తీసుకోవడానికి అయిదు. ఏడు గంటలకు నాయిన ఇక్కడుంటాడు. ఏడూ అయిదుకు బయల్దేరితే ఎనిమిదీ అయిదుకు శంషాబాద్. ఎనిమిదీ ఇరవైదాకా కౌంటర్ తెరిచి ఉంటుంది. పదిహేను నిమిషాలు మిగులు. లెక్క కుదిరింది.

"టైం ఉంది, ఆగు" అన్నాను.

పూర్తి నిజం చెప్పాలంటే లెక్క ఒక్కటే కాదు. ఎదురింటి మేడ మీద ఇద్దరు ముగ్గురు చేరారు. ఒంటరి ఆడమనిషి ఇంటి తాళం మా అమ్మ సుత్తెతో పగలగొడుతుంటే నేను పక్కన నిలబడటం నాకు నామోషీ అనిపించింది. సెంట్రల్ కొలువు కొట్టినవాణ్ని నేను. అమ్మ ఒకసారి నా ముఖం చూసింది, ఒకసారి తాళం చూసింది. సుత్తె కొంగు కింద పెట్టుకుంది.

ఏడు గంటలకు నాయిన రాలేదు. కూతురింటికి కూడా తాళమే ఉందట. పక్కవాళ్లను అడిగి దవాఖాన కనుక్కొని పోయాడు. అక్కడ ఆంటీ లోపల లేబర్ రూం దగ్గర ఉంది, మగవాళ్లను రానివ్వరు. ఆయాను బతిమాలి తాళంచెవి తెప్పించుకునేసరికి, హైవే మీద విజయవాడ బస్సులన్నీ ఊళ్లోకి వచ్చే వేళ అయింది. ఇటు మెట్రో పిల్లర్ల కోసం రోడ్డంతా తవ్వి పెట్టిన రోజులు. ఆయన వచ్చేసరికి ఏడూ నలభై. నాయిన అడిగిన రోడ్డు అదే, నా కాగితంలో లేనిది.

శంషాబాద్ చేరేసరికి ఎనిమిదీ నలభై ఏడు. కౌంటర్ దగ్గరి అమ్మాయి మర్యాదగా, కంప్యూటర్ మూసుకుపోయింది సార్, నా చేతిలో లేదు అంది. అద్దాల అవతల, కొంచెం దూరంగా, మా విమానం కనిపిస్తూనే ఉంది. కదలడం లేదు. ఇంకో అరగంట అక్కడే నిలబడి ఉంటుంది. దాని వేగం సున్నా, నాకూ దానికీ మధ్య దూరం మూడు వందల మీటర్లు ఉంటుందేమో. అంత తేలిక లెక్కను నేను ఏ పరీక్షలోనూ చూడలేదు.

మధ్యాహ్నం విమానంలో పోయాను. పోకుండా ఉండలేకపోయాను. రెండుంపావు గంటలే పట్టింది, ఒక్క నిమిషం అటూ ఇటూ లేదు. నాలుగూ పదికి ఆఫీసు గేటు దగ్గర ఉన్నాను. అక్కడి గుమాస్తా కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాడు. రిజిస్టర్ తిప్పి చూపించాడు. నా పేరు ఎదురుగా సంతకం చోట అడ్డగీత ఉంది. గీత తిన్నగా, స్కేలు పెట్టి గీసినట్టుంది. బ్యాగు ఒళ్లో పెట్టుకొని కాసేపు కూర్చొని లేచి వచ్చాను. కాగితాలు భద్రంగా ఢిల్లీ పోయి భద్రంగా తిరిగి వచ్చాయి. వాటికి శూల తగలలేదు.

ఇంటికి వచ్చాక నాయిన రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు అమ్మ మీద విరుచుకుపడ్డాడు. "నీ శూల పాడుగాను. పోరని నౌకరి మింగింది" అన్నాడు. అమ్మ తల వంచుకొని, "అవ్, నాదే తప్పు" అంది. నేను పక్క గదిలో పడుకొని విన్నాను. లేచి పోయి సుత్తె సంగతి చెప్పాలి. చెప్పలేదు. రేపు చెప్దామనుకున్నాను. ఆ రేపు తొమ్మిదేళ్లు సాగింది.

ఈలోపు అదొక కథ అయిపోయింది. పెళ్లిళ్లలో, పేరంటాల్లో చుట్టాలు చెప్పుకుని నవ్వుకునేవాళ్లు. "ఢిల్లీ విమానం ఎక్కవోతె బ్యాగు పక్కింట్ల పెట్టి తాళమేయించింది" అని మొదలుపెట్టేవాళ్లు. అమ్మ కూడా నవ్వేది. ఎవరికైనా ఎక్కువ వివరాలు కావాలంటే తనే చెప్పేది, ఫోన్ లోపల ఎట్ల మోగిందో కూడా. సుత్తె దగ్గరికి వచ్చేసరికి ఆ ముక్క ఉండేది కాదు. ఆమె మరిచిపోయిందనుకున్నాను. మరిచిపోవడం నాకు అనుకూలంగా ఉంది కాబట్టి గట్టిగానే అనుకున్నాను. నేను పిరికివాణ్ని, ఆ మాట ఇక్కడ రాసుకోవడానికి కూడా ఇంత కాలం పట్టింది.

ఆ తర్వాత అమ్మ ఎవరి ప్రయాణానికీ వారం చూడలేదు. నాయిన ఏ దిక్కుకు పోయినా, నేను ఏ గడియలో గడప దాటినా మాట్లాడేది కాదు. గోడ మీద క్యాలెండర్ ఉండేది కానీ అందులో పాలు రాని రోజులకు సున్నాలు చుట్టేది, అంతే. ఆంటీ మాత్రం మనవడి పురుడు కాగానే వచ్చి, "నా మతి మండా వదినగారూ, సంచి సంగతే గుర్తు రాలేదండీ" అని ఏడ్చింది. తన ఇంటి రెండో తాళంచెవి అమ్మ చేతిలో పెట్టి పోయింది. క్యాలెండర్ కింద మేకుకు అది వేలాడుతూ ఉండిపోయింది. ఆ తాళంచెవితో తొమ్మిదేళ్లలో ఎవరికీ పని పడలేదు.

సూర్యాపేట అమ్మాయి ప్రశ్న అడిగిన వారానికే మా సెంటర్ వాళ్లు నన్ను ఢిల్లీ పొమ్మన్నారు. అక్కడుండి పరీక్షలకు చదువుతున్న తెలుగు పిల్లలకు నాలుగు రోజులు క్లాసులు చెప్పాలట. టికెట్ వాళ్లే కొన్నారు. చూస్తే మళ్లీ మంగళవారమే. ఢిల్లీ ఇంకా ఉత్తరానే ఉంది.

సోమవారం సాయంత్రం క్లాసు తొందరగా ముగించి ఇంటికి వచ్చాను. నాయిన నడకకు పోయాడు. అమ్మ హాల్లో నేల మీద కూర్చొని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నేను క్యాలెండర్ ముందు నిలబడి ఆ సన్నటి అక్షరాల్లో గడియలు వెతికాను. రాత్రి ఏడు లోపల బాగానే ఉంది. లోపలికి పోయి అదే పాత బ్యాగు దులిపి, క్లాసు నోట్సులు పెట్టుకొని బయటికి వచ్చాను.

"ఏడికి?" అంది అమ్మ.

"ఆంటీ ఇంటికి. ప్రస్థానం పెట్టొస్త."

చిక్కుడుకాయ పట్టుకున్న చెయ్యి ఆగింది. "అయ్యన్నీ ఎందుకు బిడ్డా ఇప్పుడు. నీ టైంకు నువ్వు పో."

చెప్పదలచుకున్నది అప్పుడే చెప్పాలి, లేకపోతే ఇంకో తొమ్మిదేళ్లు పోతాయి. నిలబడే చెప్పాను. "అమ్మా, ఆ రోజు తప్పు నీది కాదు. నువ్వు సుత్తె తెచ్చినవ్. నేనే ఆపిన. టైం ఉందన్న. నీకు యాదికి లేదు గని, నేనే ఆపిన."

అమ్మ ఇంకో కాయ ఈనె తీసి గిన్నెలో వేసింది.

"యాదికెందుకు లేదు. సుత్తె నా చేతులనే ఉండె గద."

ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను. "మరి నాయినకు ఎందుకు చెప్పలే? అందరు అన్నేసి మాటలంటుంటె ఎందుకు పడ్డవ్?"

"నన్నంటె నేను అన్నం తిన్న" అంది. "నిన్నంటె నువ్వు తినకపోతుంటివి."

గిన్నె పక్కకు జరిపి, మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. మేకుకున్న తాళంచెవి తీసి, కొంగుతో దుమ్ము తుడిచి నా చేతిలో పెట్టింది.

"బ్యాగు పెట్టి రా. ఇది మాత్రం నీ జేబుల ఉంచుకో."